‘స్వచ్ఛంద’ విరమణలో స్వేచ్ఛ ఎంత?

ఆర్మూరు మీదుగా పోయే 63వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని నిజామాబాదు దాటి పడమటికి పోతే బోధన్ వస్తుంది. అక్కడ శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారం ఉన్నది. అదే దారిన తూర్పుగా పోతే మెట్‌పల్లి ప్రాంతంలో ముత్యంపేట. అక్కడ అదే కంపెనీకి చెందిన ఇంకొక కర్మాగారం. ఈ రెండింటికీ, మెదక్ దగ్గరి మంబోజిపల్లిలోని మూడవదానికీ 2015 డిసెంబరు 23న లే ఆఫ్ ప్రకటించినారు. ఆనాటి నుంచి వాటి పొగగొట్టాలు చల్లబడే ఉన్నవి. ఈ రెండు ఊళ్ళ మధ్య బతికే మాకు ఆ కర్మాగారాల సంగతి దూరపు సంగతి కాదు. వాటిలో పనిచేసినవారు మా పట్టణంలో ఇళ్ళు కట్టుకున్నారు, దుకాణాలు పెట్టుకున్నారు, పిల్లలను మా కళాశాలకు పంపినారు.

వారిని చూసి మా వాళ్ళు ఒక తీర్పు చెపుతుంటారు. 2002లో కర్మాగారం ప్రైవేటు చేతికి పోయేటప్పుడు స్వచ్ఛంద పదవీ విరమణ కాగితం మీద సంతకం పెట్టి సొమ్ము పట్టుకుపోయినవాడు తెలివిగలవాడట. యూనియన్ మాట విని ఉండిపోయినవాడు పదమూడేళ్ళ తరువాత ఉద్యోగమూ పోగొట్టుకున్నాడు, జీతం బకాయీ పోగొట్టుకున్నాడు. అంచేత ‘సంతకం పెట్టవద్దు’ అన్నవారే కార్మికులను ముంచినారని దీని తాత్పర్యం. తరగతి గదిలో విద్యార్థులు కూడా ఈ మాట అంటున్నారు. దీనిని యాజమాన్యపు ప్రచారమని కొట్టిపారేయడం సులభం. కాని పైకి చూస్తే జరిగినది ఆ తీర్పుకు అనుకూలంగానే ఉన్నది గదా! అంచేత కొట్టిపారేయకుండా, అసలీ ‘స్వచ్ఛందం’ ఎక్కడ పుట్టింది, దానిలో నిర్ణయం ఎవరిది అన్న చరిత్రను కొంత తవ్వి చూడవలసి ఉన్నది.

మాట చట్టంలో పుట్టినది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 1953లో ‘రిట్రెంచిమెంటు’ అన్న పదానికి నిర్వచనం చేర్చినారు. యజమాని ఏ కారణం చేతనైనా కార్మికుని పని నుంచి తొలగించడం రిట్రెంచిమెంటు, కాని కొన్ని మినహాయింపులున్నవి. వాటిలో మొట్టమొదటిది: కార్మికుడు స్వచ్ఛందంగా విరమించుకోవడం. ఆనాడు ఈ మినహాయింపులో ఎవరికీ కుట్ర కనిపించి ఉండదు. తనంతట తాను పోయినవానికి యజమాని నష్టపరిహారం ఎందుకివ్వాలి అన్న సాధారణ న్యాయమే అది. 1976లో అదే చట్టంలో కొత్త అధ్యాయం చేరింది. 300 మందికి పైబడిన కర్మాగారాల్లో రిట్రెంచిమెంటు చేయాలన్నా, లే ఆఫ్ ప్రకటించాలన్నా, మూసివేయాలన్నా ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. 1982 సవరణ ఆ సంఖ్యను 100కు దించింది. ముందు తలుపుకు ఇంత పెద్ద తాళం పడిన తరువాత యాజమాన్యాల చూపు సహజంగానే పక్క వాకిలి మీద పడింది. 1953లో నిరపాయంగా వదిలిన ఆ మినహాయింపే పక్క వాకిలి. కార్మికుడే ‘నా ఇష్టంతో పోతున్నాను’ అని రాసి ఇస్తే అది రిట్రెంచిమెంటు కాదు. ఎవరి అనుమతీ అక్కరలేదు.

1988 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం తన సంస్థలకు స్వచ్ఛంద విరమణ పథకం తయారు చేసి ఇచ్చింది. పదేళ్ళ సర్వీసు గాని, నలభై ఏళ్ళ వయస్సు గాని నిండినవారు అర్హులు. పూర్తయిన ప్రతి సంవత్సరానికి నెలన్నర జీతం లేదా మిగిలిన సర్వీసు నెలల జీతం, ఏది తక్కువైతే అది. ‘ఏది తక్కువైతే అది’ అన్న ఆ చిన్న మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. 1991 తరువాత పథకం విధానంగా మారింది. 1992 ఫిబ్రవరిలో ‘జాతీయ పునరుద్ధరణ నిధి’ ఏర్పడింది. పని పోయినవారికి కొత్త పని నేర్పించడం, కొత్త ఉపాధి కల్పించడం దాని లక్ష్యాలని ప్రకటించినారు. ఆచరణలో దాని సొమ్ములో అత్యధిక భాగం మనుషులను ఇళ్ళకు పంపించడానికే ఖర్చయింది. 2000లో ఆ నిధినే ఎత్తివేసినారు. పునరుద్ధరణ అన్న పేరు ఏమి పునరుద్ధరించిందో చెప్పమని మా అర్థశాస్త్రం లెక్చరరు మిత్రుని అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నాడు.

బ్యాంకుల సంగతి ఇంకా విచిత్రమైనది. 2000–01లో జాతీయ బ్యాంకుల నుంచి దాదాపు లక్షమంది ఈ పథకం కింద బయటికి వచ్చినారు. దరఖాస్తు పెట్టిన తరువాత మనసు మార్చుకున్న కొందరు కోర్టుకెక్కినారు. 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ప్రకారం పథకం ప్రకటించడం యాజమాన్యం చేసిన ప్రతిపాదన కాదు, ఆహ్వానం మాత్రమే. ఉద్యోగి పెట్టే దరఖాస్తే ప్రతిపాదన. అంచేత యాజమాన్యం అంగీకరించేలోగా ఉద్యోగి దానిని వెనక్కి తీసుకోవచ్చు. అప్పటికే సొమ్ములో కొంత అందుకున్నవారికి మాత్రం ఆ వీలు లేదు. ఉద్యోగులకు మేలు చేసిన తీర్పే ఇది. కాని అది బయటపెట్టిన సత్యం ఒకటున్నది: చట్టం దృష్టిలో అడుగుతున్నవాడు ఉద్యోగి, దయతో అంగీకరిస్తున్నది యజమాని! పిలిచినవాడు పక్కకు తప్పుకున్నాడు, పిలిస్తే వచ్చినవాడు అర్జీదారయినాడు.

ఇక శక్కర్‌నగర్‌కు వద్దాం. మంజీర మీద 1923–31 మధ్య నిజాంసాగర్ కట్టినారు. ఆ నీటితో బోధన్ ప్రాంతంలో చెరకు విస్తరించింది. ఆ చెరకు కోసం 1937లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. వరంగల్లు ఆజంజాహి మిల్లు మాదిరిగానే దీని వెనుకా హైదరాబాదు సంస్థానపు సర్కారు సొమ్ము ఉన్నది. నిజాంను పొగడడం నా ఉద్దేశం కాదు. రైతును వెట్టికి ఈడ్చిన రాజ్యమే ఆ గొట్టం కూడా నిలబెట్టింది, అంతే. కర్మాగారంతో పాటు వేలాది ఎకరాల చెరకు తోటలు, కార్మికుల క్వార్టర్లు, బడి, ఆసుపత్రి వచ్చినవి. ఊరికి ఊరే చక్కెర పేరు పెట్టుకున్నది. 1948 తరువాత ఇదంతా ప్రజల ఆస్తిగా మనకు సంక్రమించింది.

1990 దశకంలో నష్టాలు పూడ్చడానికని కర్మాగారపు భూములు అమ్ముతూ వచ్చినారు. చెరకు పండే సొంత భూమి పోయిన చక్కెర మిల్లు ఎన్నాళ్ళు నడుస్తుంది? 1998లో ప్రపంచబ్యాంకు ఆంధ్రప్రదేశ్‌కు ‘ఆర్థిక పునర్నిర్మాణ’ రుణం మంజూరు చేసింది. ప్రభుత్వ సంస్థల అమ్మకం, మూసివేత చూడడానికి ‘ఇంప్లిమెంటేషన్ సెక్రటేరియట్’ అనే కార్యాలయం పుట్టింది. దానికి సొమ్ము బ్రిటన్ ప్రభుత్వపు అంతర్జాతీయ అభివృద్ధి శాఖది. సలహాదారులు లండన్ నుంచి వచ్చిన ఆడం స్మిత్ పేరిటి సంస్థవారు. పెట్టుబడిదారీ శాస్త్రానికి మూలపురుషుని పేరు మోసుకుని బోధన్ దాకా వచ్చిన ఈ యాత్ర మీద మన కథకులెవరూ వ్యంగ్య కథ రాయకపోవడం నాకు ఆశ్చర్యం. 2002లో కంపెనీ 51 శాతం వాటాతో డెల్టా పేపర్ మిల్స్ చేతికి పోయింది. 49 శాతం ప్రభుత్వానికి మిగిలింది.

విరమణ కాగితాలు కార్మికుల ముందుకు వచ్చినది ఈ సందర్భంలో. ఇక్కడ ఒక్క క్షణం ఆగి తేదీలు చూసుకోవాలి. భూములు అమ్మినది అంతకు ముందు. రుణ షరతులు రాసుకున్నది అంతకు ముందు. కర్మాగారం ఉంటుందా పోతుందా అన్న నిర్ణయం జరిగిపోయిన తరువాత, ‘నీవు ఉంటావా పోతావా’ అన్న ప్రశ్న కార్మికుని చేతిలో పెట్టినారు. అతడు ఆలోచించవలసినది తన భవిష్యత్తును గురించి అని చెప్పినారు గాని, నిజానికి అతడు ఊహించవలసి వచ్చినది ఇతరులు చేసిన నిర్ణయాల పర్యవసానాన్ని.

సొమ్ము సంగతి చూడండి. ఇటువంటి పథకాలలో కార్మికునికి చూపించే మొత్తం పెద్దదిగానే ఉంటుంది. దానిలో గ్రాట్యుటీ ఉంటుంది, ప్రావిడెంటు ఫండు ఉంటుంది, సెలవు జీతం ఉంటుంది. ఇవన్నీ విరమించినా విరమించకపోయినా అతనివే. కొత్తగా ఇచ్చేది ఎక్స్‌గ్రేషియా ఒక్కటే. అదెంత? 2000 నుంచి కేంద్ర సంస్థలలో వాడిన ‘గుజరాత్ పద్ధతి’ తీసుకుందాం: చేసిన ప్రతి సంవత్సరానికి 35 రోజులు, మిగిలిన ప్రతి సంవత్సరానికి 25 రోజులు. పాతికేళ్ళు చేసి ఇంకా ఎనిమిదేళ్ళు మిగిలినవానికి 875, 200 కలిపి 1,075 రోజులు. నెలకు ముప్పై రోజుల చొప్పున ముప్పై ఆరు నెలలకు కాస్త తక్కువ. ఎనిమిదేళ్ళ జీతానికి బదులు మూడేళ్ళది. పైగా 2000 ప్రాంతంలో నూటికి పది దాకా ఉన్న బ్యాంకు డిపాజిట్ వడ్డీ 2004 నాటికి ఆరుకు లోపలికి జారింది. వడ్డీ మీద బతకవచ్చునని లెక్కవేసుకున్నవాని లెక్క నాలుగేళ్ళలో దాదాపు సగం తగ్గింది. ఫ్యాక్టరీ కార్మికునికి ప్రభుత్వ పింఛను లేదు. 1995 పథకం కింద వచ్చే చిన్న పింఛను ఉన్నది. దానికి కనీసం వెయ్యి రూపాయలన్న హద్దు కూడా 2014లో గాని రాలేదు.

ఈ లెక్కల ప్రకారం చూస్తే సంతకం పెట్టినవాడు మోసపోయినాడనే తేలుతుంది. చాలాకాలం నేనూ అట్లాగే అనుకున్నాను. నా అభిప్రాయం మారినది మా మేనమామ వల్ల. ఆయన పనిచేసిన సంస్థ ఏదో ఇక్కడ అనవసరం. పథకం ప్రకటించినప్పుడు ఆయన ఒక సాయంత్రం కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చినాడు. తెలుగు ఎం.ఎ. చదివినవాడిని కాబట్టి లెక్కలు కూడా వచ్చునని ఆయన నమ్మకం. నేను పై మాదిరిగానే లెక్క తేల్చి, సంతకం పెట్టవద్దని చెప్పినాను. ఆయన చివరిదాకా విని, ‘నీది జీతం లెక్క అల్లుడా, నాది బాకీ లెక్క’ అన్నాడు. బిడ్డ పెండ్లికి తెచ్చిన అప్పు ఉన్నది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. అంటే ఏడాదికి ఇరవై నాలుగు. నేను ఆయన ఎక్స్‌గ్రేషియాను బ్యాంకు వడ్డీతో పోల్చినాను. ఆయన దానిని షావుకారు వడ్డీతో పోల్చుకున్నాడు. ఆ పోలికలో సంతకం పెట్టడమే సరి. ఆయన పెట్టినాడు. నేను చెప్పిన సలహా తప్పు లెక్క మీద నిలబడ్డదని ఒప్పుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది.

పసుపు పండించే ప్రాంతంలో పుట్టినవాడికి ఇది ముందే తెలిసి ఉండవలసినది. తొమ్మిది నెలలు కాచుకుని, తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, కొమ్ము మెరుగుపెట్టి బస్తాకెత్తిన రైతు ముందు కూడా ఒక ‘స్వచ్ఛంద’ ప్రశ్న ఉంటుంది. ఈనాటి ధరకు అమ్మడమా, నిల్వ పెట్టి చూడడమా? అమ్మకపోతే ఎవరూ బలవంతం చేయరు. కాని అప్పు లేనివాడు నిల్వ పెడతాడు, అప్పు ఉన్నవాడు అమ్ముతాడు. ధర పెరిగిన తరువాత అమ్ముకున్నవాడిని చూసి ‘తొందరపడ్డాడు’ అనీ, పడిపోతే నిల్వ పెట్టినవాడిని చూసి ‘ఆశకు పోయినాడు’ అనీ మనమే అంటాం. శక్కర్‌నగర్ కార్మికుల మీద మా ఊరు చెప్పే తీర్పు ఈ మార్కెట్టు యార్డు తీర్పే. ఫలితం తెలిసిన తరువాత తెలివిని పంచిపెట్టడం.

2019 ఫిబ్రవరిలో ఆర్మూరు మామిడిపల్లి చౌరస్తాలో కూర్చున్న రైతులు ఈ తర్కాన్ని ఒప్పుకోలేదు. పసుపుకు క్వింటాలుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు ఇవ్వాలన్నారు. అమ్మడమా, ఆపడమా అన్న ఒంటరి ప్రశ్నను పక్కనపెట్టి, ధర ఎవరు నిర్ణయిస్తున్నారని అడిగినారు. ఆ ఏడాది నిజామాబాదు లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీ చేస్తే వారిలో 178 మంది రైతులు. పసుపు బోర్డు 2025 జనవరి 14న ప్రారంభమైంది. ధరకు హామీ వచ్చిందని మాత్రం చెప్పలేము. ఆ సంగతి వేరే వ్యాసానికి తగినది.

అదే 2019లో బి.ఎస్.ఎన్.ఎల్. పథకం వచ్చింది. నవంబరు 4 నుంచి డిసెంబరు 3 వరకు గడువు. యాభై నిండినవారు అర్హులు. పద్ధతి మళ్ళీ ఆ 35, 25 రోజులదే. 78,569 మంది సంతకం పెట్టినారు. 2020 జనవరి 31న ఒక్కరోజే వారంతా బయటికి నడిచినారు. సంస్థలో సుమారు సగం! జీతాలు ఆలస్యం కావడం, పోటీ కంపెనీలు 4జి నడుపుతుండగా ఈ సంస్థకు ఆ అవకాశం లేకపోవడం, విరమణ వయస్సు 58కి తగ్గిస్తారన్న పుకారు — ఇవన్నీ కలిసి వారిని గడప దాటించినవి. అయినా ఒక తేడా ఉన్నది. వారిలో అధికులకు ప్రభుత్వ పింఛను హామీ ఉన్నది. కాళ్ళ కింద ఆ కాస్త నేల ఉన్నది కాబట్టి దూకినారు. శక్కర్‌నగర్ కార్మికుని కాళ్ళ కింద ఆ నేల లేదు. ఇక కాంట్రాక్టు కార్మికులకు రెండుచోట్లా ఏ కాగితమూ రాలేదు. విరమించడానికి వారికి ఉద్యోగమే లేదని లెక్క. మా పట్టణంలో బీడీలు చుట్టే ఆడవాళ్ళను ఎవరూ స్వచ్ఛందంగా విరమించమని అడిగిన పాపాన పోలేదు. చాలా ఇళ్ళలో భర్త సంతకం పెట్టి వచ్చిన తరువాత పొయ్యి వెలిగించినది ఆ బీడీల చేటే.

యూనియన్ల సంగతి కూడా దాచుకోకుండా చెప్పుకోవాలి. ‘సంతకం పెట్టవద్దు’ అన్నది సరైన నినాదం. కాని ‘పెట్టకపోతే, కర్మాగారం మూతపడితే?’ అని గేటు దగ్గర కార్మికుడు అడిగిన ప్రశ్నకు మన దగ్గర పోరాడుదాం అన్న జవాబు తప్ప ఇంకొకటి లేదు. అప్పు వడ్డీ ప్రతి నెలా పోరాటానికి ఎదురు నిలబడి ఉంటుందని మనం లెక్కలోకి తీసుకోలేదు. అంతకన్నా పెద్ద లోపం: భూములు అమ్ముతున్ననాడు ఇంత గట్టిగా గేటు దగ్గర నిలబడలేదు. మన సాహిత్యమూ ఈ లోపాన్ని పంచుకున్నది. సమ్మె కథలో జెండా పట్టినవాడు నాయకుడు. వెనక్కి తగ్గినవాడు పిరికివాడు. రాత్రంతా కాగితం ముందు కూర్చుని, తెల్లవారి సంతకం పెట్టినవాడికి మన కథల్లో చోటు దొరకలేదు.

మరి ఉండిపోయినవారు మునిగినారన్న మాట? అదీ సగం నిజమే. వారు పోయిన తరువాత ఇక్కడ కర్మాగారం ఉండేదని గుర్తుచేయడానికి గోడలు తప్ప మిగిలేవి కావు. వారు ఉండబట్టే అమ్మకాన్ని విచారించిన శాసనసభా సంఘం 2006లో ఆ తీరును తప్పుపట్టగలిగింది. వారు ఉండబట్టే 2014 ఎన్నికలలో కర్మాగారాన్ని తిరిగి తీసుకుంటామన్న వాగ్దానం చేయవలసి వచ్చింది. మరుసటి ఏడు రైతులే సహకార సంఘంగా నడుపుకోవాలన్న ప్రతిపాదన వచ్చి, రైతులు ఒప్పుకోక ఆగిపోయింది. 2024 జనవరిలో పునరుద్ధరణ కోసం మంత్రివర్గ ఉపసంఘం వేసినారు. అంటే ప్రజల ఆస్తి అన్న దావాను పదమూడేళ్ళు సజీవంగా ఉంచినది సంతకం పెట్టనివారే. ఆ ఖర్చు మాత్రం అందరి తరఫునా వారొక్కరే భరించినారు; మనం సభల్లో తీర్మానాలు చేసినాము.

చట్టం ఈలోగా ముందుకు పోయింది. 1982లో 100కు దించిన సంఖ్యను 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ మళ్ళీ 300కు పెంచింది. 2025 నవంబరు 21న అది అమలులోకి వచ్చింది. 300 లోపు మంది ఉన్నచోట ఇక పక్క వాకిలి అవసరమే తగ్గింది. ముందు తలుపు తాళమే తీసినారు.

చక్కెర కంపెనీ మీద 2017లో దివాలా విచారణ మొదలై, 2019 జూనులో లిక్విడేషన్ ఆదేశం వచ్చింది. 2016 దివాలా చట్టం ప్రకారం కార్మికుల వేతన బకాయి తాకట్టు పెట్టుకున్న బ్యాంకుల అప్పుతో సమానమైన వరసలో నిలబడుతుంది. కాని ఆ హోదా లిక్విడేషన్‌కు ముందటి 24 నెలల బకాయికే. అంతకు ముందటిది వెనక వరసలోకి పోతుంది. శక్కర్‌నగర్‌లో లే ఆఫ్ పడిన 2015 డిసెంబరు నుంచి 2019 జూను వరకు నలభై నెలలు దాటుతున్నవి.